మోకాలిలోని నెలవంకలు

పొందికలేని రెండు విషయములను ఎవరైనను ఒకచోట చేర్చి మాటలాడినచో, బోడితలకును మోకాలికిని ముడివేసినట్లున్నదని తెలుగువారు పరిహసింతురు. మహాపురుషుల రూపమును వర్ణించునప్పుడు, చేతులు మోకాళ్ళను తాకునంత పొడవైనవని చెప్పుటకై ‘ఆజానుబాహుడు’ అందురు. అలిపిరి నుండి తిరుమలకు పోవు మెట్లదారిలో, తుదకు దగ్గరగా నిట్టనిలువున ఉన్న ఎక్కుడునకు మోకాళ్ళ పర్వతమని పేరు. రామానుజాచార్యులు ఆ పవిత్రమైన కొండను పాదములతో తొక్కుటకు మనసొప్పక మోకాళ్ళపై ఎక్కిరని పెద్దలు చెప్పుకొందురు. ఇట్లు సామెతలోను, వర్ణనలోను, తీర్థయాత్రలోను మోకాలి పేరు వినబడుచునే ఉన్నది. అయినను సామెతలో అది పరిహాసమునకును, వర్ణనలో కొలతకును మాత్రమే పనికివచ్చినది. కంటికి దక్కిన గౌరవము గాని, చేతికి దక్కిన మన్నన గాని మోకాలికి దక్కలేదు. అది నొప్పిపెట్టిన నాడు మాత్రము ఇల్లంతయు దాని మాటయే.

మోకాలు మానవశరీరమునందలి కీళ్ళలోకెల్ల పెద్దది. పైనుండి దిగు తొడ ఎముకయు, క్రిందనుండి లేచు కాలి పెద్ద ఎముకయు అచ్చట కలిసికొనును. ముందువైపున మోకాలిచిప్ప కవచము వలె అమరియుండును. తొడ ఎముక చివరిభాగము రెండు గుండ్రని బుడిపెలుగా ఉండును. కాలి ఎముక పైభాగము ఇంచుమించు చదునుగా ఉండును. గుండ్రని వస్తువును చదునైన నేలపై నిలిపినచో ఏమగునో వంటయింటిలో ఎవరైనను చూడవచ్చును. నీటితో నిండిన కుండ నేలపై ఒక్కచోటనే ఆని అటునిటు దొరలును; బరువంతయు ఆ ఒక్కచోటనే పడును. అందుచేతనే కుండ క్రింద గడ్డితో చుట్టిన కుదురును పెట్టుదురు. కుదురు కుండ అడుగును చుట్టును పట్టుకొని, బరువును తాను పంచుకొనును. కుండ కదలక నిలుచును.

ప్రకృతి ప్రతి మోకాలిలోను ఇట్టి కుదురులను రెండింటిని అమర్చినది. ఒకటి లోపలివైపున, అనగా రెండవ మోకాలికి ఎదురుగా ఉండు వైపున ఉన్నది. రెండవది వెలుపలివైపున ఉన్నది. ఇవి ఎముకలు కావు. మృదులాస్థితో ఏర్పడిన మెత్తని, గట్టి పలకలు. వెలుపలి అంచున దళసరిగా ఉండి, లోనికి పోవుకొలది పలుచనై కొడవలి అంచువలె ముగియును. లోపలివైపు పలక నెలవంక వలె ఉండును. వెలుపలివైపు పలక వంపు మరికొంత ఎక్కువై, ఇంచుమించు గుండ్రముగా ఉండును. ఆకారమును బట్టియే శాస్త్రజ్ఞులు వీనికి మెనిస్కసులని పేరుపెట్టిరి. గ్రీకుభాషలో ఆ మాటకు నెలవంక యని అర్థము.

ఈ నెలవంకలు చేయు పని చిన్నది కాదు. కాలు చాచి నిలుచున్నప్పుడు మోకాలిపై పడు బరువులో ఇంచుమించు సగము వీని మీదుగానే క్రిందికి దిగును. మోకాలు 90 డిగ్రీల మేరకు వంగినప్పుడు నూటికి 85 పాళ్ళ వరకు వీనిపైననే పడును. నడుచునప్పుడును, దుముకునప్పుడును కలుగు అదురును ఇవి అణచును. ఎముకల చివరలు ఒకదానిపై నొకటి నునుపుగా జారుటకు తోడ్పడును. కీలు పట్టుతప్పకుండ కాపాడును.

ఇంత మెత్తని వస్తువు అంత బరువును ఎట్లు మోయగలుగుచున్నది? దీనిలో నూటికి 70 పాళ్ళకు పైగా నీరే. మిగిలిన దానిలో ముఖ్యమైనది కొల్లాజెన్ అను పోగుల అల్లిక. ఆ పోగులలో పెక్కులు అంచు వెంబడి ఒక కొన నుండి మరియొక కొన వరకు వంపుగా సాగిపోవును. వానిని బంధించుటకై కొన్ని పోగులు అడ్డముగా పోవును. సాలెవాని మగ్గముపై పడుగును, పేకయు ఉన్నట్లే ఇచ్చటను ఉన్నవి. పూర్వము పల్లెలలో కమ్మరి ఎఱ్ఱగా కాల్చిన ఇనుప పట్టాను బండిచక్రమునకు తొడిగి నీరు పోయుచుండెడివాడు. చల్లారిన పట్టా బిగిసి, ఆకులను, చక్రపు చెక్కలను విడిపోనీయక పట్టుకొనెడిది. నెలవంకలోని నిడుపాటి పోగులు అట్టి పట్టా వంటివి. తొడ ఎముక పైనుండి నొక్కినప్పుడు నెలవంక వెలుపలికి జారిపోవలెనని చూచును. దాని రెండు కొనలును కాలి ఎముకకు గట్టిగా నాటుకొని యుండుటచేత పోగులు బిగిసి దానిని నిలుపును. ఈ సంగతిని గుర్తుంచుకొన్నచో, ఏ చిరుగు ఎంత హాని చేయునో తరువాత సులభముగా తెలియును.

మరియొక సంగతియు గుర్తుంచుకొనదగినదే. పెద్దవారిలో నెలవంక అంతటికిని రక్తము అందదు. 1982వ సంవత్సరమున ఆర్నోజ్కీ, వారెన్ అను అమెరికా పరిశోధకులు దీనిలోని రక్తనాళముల తీరును వెల్లడించిరి. వెలుపలి అంచు నుండి పదవవంతు మొదలు నాలుగవవంతు మేర వరకు మాత్రమే రక్తనాళములు లోనికి చొచ్చుకొని పోయినవి. లోపలి అంచునకు అవి చేరలేదు. శిశువు పుట్టినప్పుడు నెలవంక అంతటను రక్తనాళము లుండును. బాలుడు నడక నేర్చి పరుగులు పెట్టుచు పెరుగుకొలది అవి అంచునకు వెనుదీయును. పదియేండ్ల వయస్సు వచ్చునప్పటికి పెద్దలలో ఉండు తీరు ఇంచుమించు ఏర్పడును. కాలువ పారుచోట పైరు తేరుకొనును. కాలువ అందని మిట్టచేనులో వాడిన పైరు తేరుకొనదు. అట్లే వెలుపలి అంచున కలిగిన చిరుగు మానుటకు అవకాశము కలదు. లోపలి అంచున కలిగినది తనంతట తాను మానుట అరుదు.

ఇంతటి ఉపకారము చేయు ఈ నెలవంకలను, మానవుడు చాలకాలము పనికిమాలిన వస్తువులుగా ఎంచినాడు. ఆ చరిత్ర వినదగినది. 1883వ సంవత్సరము నవంబరు నెలలో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున థామస్ అన్నండేలు అను శస్త్రవైద్యుడు ఒక గనికార్మికుని మోకాలిని తెరచి, స్థానము తప్పిన నెలవంకను తిరిగి దాని చోట నిలిపి కుట్టెను. రెండేండ్లకు ఆ వృత్తాంతమును ప్రకటించెను. ఆనాడు ఆయన తీసివేయక కుట్టినాడు. కాని తరువాతి వైద్యులు పెక్కురు ఆ త్రోవను పట్టలేదు. 1897వ సంవత్సరమున వెలువడిన తన గ్రంథమున బ్లాండ్-సట్టన్ అను ఆంగ్లవైద్యుడు, ఈ నెలవంకలు పూర్వమెప్పుడో కాలి కండరములకు చెందియుండి, ఇప్పుడు ఏ పనియు లేక మిగిలిన శేషములని వ్రాసెను. ఆ మాటకు చాలకాలము ప్రామాణ్యము నిలిచినది. చిరిగిన నెలవంకను ముక్కతో సహా సమూలముగా తీసివేయుటయే సరియైన చికిత్స యని పెక్కురు నమ్మిరి. రోగులు కొలదివారములలో లేచి నడచుచుండిరి. నొప్పి పోయినది, వైద్యునకును రోగికిని తృప్తి కలిగినది. పది పదునైదేండ్ల తరువాత ఆ మోకాలు ఏమైనదో విచారించినవారు తక్కువ.

విచారించినవారు లేకపోలేదు. 1936వ సంవత్సరమున డాన్ కింగ్ అను అమెరికా వైద్యుడు కుక్కలపై ప్రయోగములు చేసి, రక్తము అందు అంచువరకు వ్యాపించిన చిరుగులు మానుననియు, లోపలనే నిలిచినవి మానవనియు కనుగొనెను. 1948వ సంవత్సరమున ఫెయిర్‌బ్యాంకు అను ఆంగ్లవైద్యుడు, నెలవంకలను తీసివేసిన మోకాళ్ళ ఎక్సురే చిత్రములను పరిశీలించెను. ఎముకల నడుమ ఎడము తగ్గినది. తొడ ఎముక బుడిపె చదునైనది. అంచున క్రొత్తగా ఎముక గట్టు లేచినది. కుదురు తీసివేసిన కుండ వలె ఎముక ఎముకపై నేరుగా ఆని, ఒకచోటనే ఒరసికొనుచున్నదని ఆ చిత్రములు తెలిపినవి. పనికిరానిదని తీసివేసినది బరువు మోయుచుండెనని అప్పుడు తెలియవచ్చినది. అయినను సమూలముగా తీసివేయు పద్ధతి ఆ తరువాతను చాలయేండ్లు సాగినది.

ఇంతలో మోకాలిని పూర్తిగా కోయకయే లోపల చూచు ఉపాయము జపాను దేశమున రూపొందినది. 1918వ సంవత్సరమున టోక్యో నగరమున కెంజి తకాగి అను వైద్యుడు, మూత్రాశయమును చూచుటకు వాడు గొట్టముతో ఒక మృతదేహపు మోకాలిలోనికి తొంగిచూచెను. ఆయన త్రోవను అనుసరించిన మసాకి వతనబె 1962వ సంవత్సరమున, ఆర్థ్రోస్కోపు అను సన్నని గొట్టము ద్వారా చూచుచు, చిరిగిన భాగమును మాత్రమే తొలగించి, మంచి భాగమును నిలిపెను. 1969వ సంవత్సరమున ఆ నగరముననే ఇట్టి గొట్టము సాయముతో చిరుగును కుట్టుటయు జరిగినది. అన్నండేలు సూదియు దారమును పట్టిన నాటి నుండి ఎనుబది యేండ్లకు పైగా గడచినవి. తీసివేయుట కంటె నిలుపుట మేలను ఆలోచన ఆ విధముగా మరల తలయెత్తినది.

చిరుగులన్నియు ఒక్క తీరున ఉండవు. బట్ట ఎట్లు చిరిగినదో చూచి, అది ముల్లునకు తగులుకొని చిరిగినదో, చీకి చిరిగినదో దర్జీ చెప్పగలడు. నెలవంక చిరుగును చూచి వైద్యుడును అట్లే చెప్పగలడు. పోగులు సాగు దిక్కుననే, పడుగు పోగుల నడుమ చీలినట్లు, పైనుండి క్రిందికి నిలువుగా చీలినది నిడుపు చిరుగు. ఇది ముఖ్యముగా యౌవనమున, ఆటలలో కలిగిన దెబ్బవలన పుట్టును. దీనిలో నిడుపాటి పోగులు పెక్కు తెగక విడివడును. వెలుపలి అంచునకు దగ్గరగా ఉన్నచో రక్తమును అందును. కావున కుట్టుటకు మిక్కిలి అనువైనది ఇదియే.

నిడుపు చిరుగు పెద్దదైనచో, విడిన లోపలి భాగము రెండు కొనలయందు మాత్రము అంటియుండి, బొక్కెన పిడి లేచినట్లు కీలు నడుమకు దొరలును. దీనిని బొక్కెన పిడి చిరుగు అందురు. అది ఎముకల నడుమ చిక్కుకొన్నచో, తలుపునకు చెక్కముక్క అడ్డుపడినట్లై, కాలు పూర్తిగా చాచుటకు రాదు. మోకాలు బిగిసిపోయినదని రోగి చెప్పును. ఇట్టి దానిని వైద్యులు త్వరగా చూడవలెను.

లోపలి అంచునుండి వెలుపలికి, పోగులకు అడ్డముగా పోవునది అడ్డచిరుగు. ఇది చిన్నదైనచో హాని తక్కువ. కాని వెలుపలి అంచువరకు పోయినచో బండిచక్రపు ఇనుప పట్టాను అడ్డముగా నరికినట్లగును. బరువును నిలుపు పోగులన్నియు తెగును. అడ్డముగా బయలుదేరి వంకరగా తిరిగిన చిరుగు చిలుకముక్కు వలె కొనదేలి, కదలినప్పుడెల్ల ఎముకల నడుమ తగులుకొనును. నెలవంక కొన కాలి ఎముకకు నాటుకొనిన చోటనే ఊడినచో దానిని వేరు చిరుగు అందురు. పట్టా ఎంత గట్టిదైనను అతుకు ఊడిన తరువాత చక్రమును పట్టజాలదు. అట్లే వేరు ఊడిన నెలవంక చూచుటకు నిండుగా ఉన్నను, బరువు మోయుటలో లేనిదానితో సమానము. నడివయస్సు దాటినవారిలో, ముఖ్యముగా స్త్రీలలో, లోతుగా వంగి లేచునప్పుడో మెట్లు దిగునప్పుడో ఇది ఒక్కసారిగా కలుగుట కలదు.

ఇక పెసరగింజ రెండు బద్దలైనట్లు నెలవంక పైపొరగను, క్రిందిపొరగను విడిపోవుట కలదు. దీనిని పొరచిరుగు అనవచ్చును. ఇది సాధారణముగా దెబ్బవలన గాక ఏండ్ల తరబడి అరుగుటవలన కలుగును. పలుతీరుల చిరుగులు ఒకచోట కూడియుండుటయు వృద్ధులలో తరచుగా కనబడును. మరికొందరికి పుట్టుకతోనే వెలుపలివైపు నెలవంక, నెలవంక వలె గాక, పున్నమి చంద్రుని వలె నిండుగా ఉండును. జపాను, కొరియా మున్నగు తూర్పుదేశములలో ఇట్టివారు పాశ్చాత్యదేశములలో కంటె ఎక్కువ. ఈ నిండు పలక బాల్యముననే చిరుగవచ్చును. నడచునప్పుడు మోకాలిలో టక్కుమను చప్పుడు వచ్చుట దానికి ఒక గుర్తు.

రెండు నెలవంకలలో లోపలివైపు దానికే చిరుగులు ఎక్కువ. దానికి కారణము కలదు. మోకాలు వంగునప్పుడు నెలవంకలు రెండును వెనుకకు జరుగును. వెలుపలిది ఇంచుమించు 11 మిల్లీమీటర్లు జరుగగా, లోపలిది 5 మిల్లీమీటర్లు మాత్రమే జరుగును. ఏలయన లోపలిది ప్రక్కనున్న సంధిబంధనమునకు గట్టిగా అంటియున్నది. గాలికి వంగు రెల్లు నిలుచును. వంగని కొమ్మ విరుగును. అందునను దాని వెనుకభాగము, మోకాలు బాగుగా వంగినప్పుడు ఎముకల నడుమ నలిగి, ముందుగా చిరుగును.

చిరుగు ఎట్లు పుట్టునో తెలియుటకు ఒక పాఠశాలలో కబడ్డీ ఆట జరుగుచున్నదని ఊహింపుడు. కూతకు వెళ్ళిన బాలుడు ఎదుటి జట్టువానిని తాకి వెనుదిరుగుచున్నాడు. ఇంతలో ఒకడు వంగి అతని చీలమండను పట్టుకొనును. పాదము నేలకు అంటియే ఉన్నది. మోకాలు కొంత వంగియున్నది. దేహము మాత్రము నడిగీత వైపునకు వేగముగా మెలితిరుగును. పాదము ఒక దిక్కునకును, తొడ మరియొక దిక్కునకును పోవుటచేత నెలవంక తిరుగటి రాళ్ళ నడుమ గింజవలె నలుగును. బాలునకు కీలు ప్రక్కన పోటు తెలియును. అయినను అతడు ఆట ముగియువరకు నిలుచును. సాయంకాలము ఇంటికి నడచియే పోవును. మరునాటికి మోకాలు వాచును.

అటుపిమ్మట జరుగునదియే అసలు చిక్కు. రానున్న వారము జిల్లాపోటీ కలదు. నొప్పి యని చెప్పినచో వ్యాయామోపాధ్యాయుడు జట్టునుండి తొలగించునని బాలుడు భయపడును. తల్లి అడిగినచో జారిపడితినని చెప్పును. గట్టిగా గుడ్డ చుట్టుకొని మరల ఆడును. పిరికివాడని అనిపించుకొనకుండుటయే ధైర్యమని అతని తలపు. ఆనాడు చిన్నదైన నిడుపు చిరుగు రక్తమందు అంచున ఉండి, కుట్టినచో మానుటకు అనువుగా ఉండవచ్చును. మరల మరల మెలిపడుటచేత అది పెరిగి, బొక్కెన పిడియై, నలిగి, కుట్టుటకు వీలులేనిదియు కావచ్చును. అప్పుడు కొంతభాగమును తీసివేయక తప్పదు. పదునాలుగేండ్ల బాలుడు పోగొట్టుకొన్నది ఒక పోటీ కాదు. ముందున్న అరువది యేండ్లు బరువు మోయవలసిన కుదురు.

కీలు నడుమ ముందువైపున నుండు సంధిబంధనము తెగినవారికి ఈ అపాయము మరింత ఎక్కువ. అది తెగినప్పుడు మోకాలు చాలమారు కొలది గంటలలోనే బాగుగా వాచును. ఆ దెబ్బలోనే వెలుపలి నెలవంక తరచుగా చిరుగును. తరువాత చికిత్సలేక ఆటలాడినచో, పట్టుతప్పిన కీలు జారినప్పుడెల్ల లోపలి నెలవంక నలుగును. 2013వ సంవత్సరమున పలు పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఆ సంధిబంధనమును సరిచేయుటకు 12 నెలలకు మించి జాగుచేసినవారిలో లోపలి నెలవంక చిరుగులు అధికమని తేల్చిరి. ఫుట్‌బాలు, రగ్బీ ఆటలయందు ఆకస్మికమైన చిరుగులు కలుగుట ఎక్కువ యనియు ఆ పరిశీలనమే చెప్పినది. ఉన్నట్టుండి ఆగుట, దిక్కు మార్చుట, మెలితిరుగుట ఈ ఆటల స్వభావము. కబడ్డీ స్వభావమును అదియే.

మెల్లగా అరిగి చిరుగుటకు కారణములు వేరు. అరువది యేండ్లు దాటిన వయస్సు, పురుషుడగుట, మోకాళ్ళపై నిలిచియో గొంతుకూర్చుండియో పనిచేయుట, దినమునకు ముప్పదికి పైగా మెట్లవరుసలు ఎక్కుట అనునవి అందు ముఖ్యమైనవని పై పరిశీలనమున తేలినది. డెన్మార్కు దేశమున మోకాళ్ళపై వంగి ఇండ్లకు నేలలు పరచు పనివారిలో లోపలి నెలవంక అరుగుదల చిరుగులు ఎక్కువగా కనబడినవి. వేరుసెనగ చేలో గొంతుకూర్చుండి ప్రొద్దస్తమానము కలుపుతీయు కూలివాండ్రును, ఇండ్లలో రాళ్ళు పరచు మేస్త్రీలును ఇట్టి శ్రమయే చేయుదురు. మోకాలు మిక్కిలి వంగినకొలది బరువు నెలవంకపై ఎక్కువగా పడునను మాటను ఇచ్చట తలచుకొనవలెను. శరీరభారము ఎక్కువైనను, కాళ్ళు దొడ్డికాళ్ళై వంగియున్నను, లోపలివైపు ఒత్తిడి పెరుగును. అంతమాత్రమున నేలపై కూర్చుండుట దోషమని భావింపరాదు. పని నడుమ లేచి నడచుట, చిన్న పీటపై కూర్చుండుట, తొడ కండరములను బలముగా ఉంచుకొనుట అను సులభోపాయములతో ఆ ఒత్తిడి కొంత తగ్గును.

పెద్దవయస్సున చిరుగు కనబడినంతనే భయపడవలసిన పనిలేదు. 2008వ సంవత్సరమున అమెరికాలోని ఫ్రామింగ్‌హాం పట్టణమున 50 మొదలు 90 ఏండ్ల లోపు గల 991 మంది మోకాళ్ళను ఎం.ఆర్.ఐ. యంత్రముతో పరిశీలించిన ఫలితములు వెలువడినవి. ఏబదులలో ఉన్న స్త్రీలయందు నూటికి 19 మందికిని, డెబ్బది దాటిన పురుషులయందు నూటికి 56 మందికిని చిరుగులు ఉన్నవి. చిరుగులున్న వారిలో నూటికి 61 మందికి ఆ గడచిన నెలలో మోకాలి నొప్పి లేదు. తల నెరయుట వలెనే ఇదియు వయస్సుతో వచ్చు మార్పు కావచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఫిన్లండు దేశమున 2013వ సంవత్సరమున వెలువడిన మరియొక పరిశోధన ఇంకను ఆశ్చర్యకరమైనది. అరుగుదల చిరుగులు గల 146 మందిని రెండు తెగలుగా చేసిరి. ఒక తెగవారికి చిరిగిన భాగమును తీసివేసిరి. రెండవ తెగవారికి, వారి అంగీకారముతోనే, లోనికి చూచి ఏమియు తీయక విడిచిరి. ఎవరికి ఏది జరిగినదో రోగులకు చెప్పలేదు. ఏడాది గడచిన తరువాత చూడగా, నొప్పి తగ్గుటలో రెండు తెగలకును చెప్పుకొనదగిన భేదము లేకపోయెను. కావున ఇట్టివారికి మొదట వ్యాయామమును, కండరబలమును ఉపాయములుగా చెప్పుట ఉచితమని వైద్యులు ఇప్పుడు భావించుచున్నారు. యౌవనమున దెబ్బవలన కలిగిన చిరుగునకు ఈ మాట వర్తింపదు. రెండును చిరుగులే యైనను, వాని వయస్సు వేరు, పుట్టుక వేరు, తీరు వేరు, చికిత్సయు వేరు.

విద్యార్థులు నేర్వవలసిన జాగ్రత్తలు కొన్ని కలవు. ఆడుటకు ముందు శరీరమును వేడెక్కించుకొనవలెను. దుమికి దిగునప్పుడు మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి ఒరగకుండ చూచుకొనవలెను. మోకాలు మెలిపడి వాచినచో, ఆ దినముననే ఆట మాని, కాలు ఎత్తున పెట్టి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను కొంతసేపు ఉంచి, పెద్దలకు జరిగినది జరిగినట్లు చెప్పవలెను. బిగిసిన మోకాలిని మర్దనముతో గాని, బలవంతముగా లాగి గాని చాపజూడరాదు. ఎక్సురే చిత్రమున ఎముకలు బాగున్నవన్నంత మాత్రమున దెబ్బ లేదని తలపరాదు. ఆ చిత్రమున నెలవంకలు కానరావు. వైద్యుడు మోకాలిని వంచి, త్రిప్పి, వ్రేలితో నొక్కి పరీక్షించి, అవసరమైనచో ఎం.ఆర్.ఐ. తీయించును. కుట్టు పడిన తరువాత నెలల తరబడి ఓర్పు వహింపవలెను. ఆటను కొన్నినాళ్ళు విడుచుట పిరికితనము కాదు. ఆటను చిరకాలము నిలుపుకొను వివేకము.

నెలవంకల కథలో బోధ యొకటి ఇమిడియున్నది. ఒక వస్తువు చేయు పని తెలియనంత మాత్రమున అది పనికిరానిదని గొప్ప పండితులే తీర్పు చెప్పిరి. ఆ తీర్పు వలన ఎందరో తమ మోకాళ్ళ బలమును కోల్పోయిరి. వెనుదిరిగి విచారించిన కొందరి ఓర్పు వలన ఆ పొరపాటు మెల్లగా దిద్దుకొన్నది. కంటికి కనబడక, కొనియాడువారు లేక, ఒక చిన్న మెత్తని పలక మనుష్యుని బరువును పుట్టినది మొదలు మోయుచునే ఉన్నది. ఇంటిలోను, ఊరిలోను ఇట్లు మాటలేక బరువు మోయువారు చాలమంది ఉందురు. వారి విలువను వారు లేని నాడు గాక, ఉన్న నాడే తెలిసికొనుట విద్యకు ఫలము.